చలి తగిలిన లెక్క

దీపం 204

ఉయ్యాల గదిలో సంచులు పద్నాలుగు. ఐదు దీపాలు దాటిపోయినవి రెండుంటే తీసేశాను. గది వేడి ఇరవై రెండు. తాళ్లు రెండు అరిగిపోతే మార్చాను.

ఈ చిట్టాలో ఇంతే రాయమన్నారు. సంచి నంబరు, గది వేడి, ఊపిన వేళ. నేను ఐదో తరగతితో ఆపినదాన్ని. ఇంతకన్నా ఎక్కువ రాస్తానని వాళ్లూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. కాని ఈ గదిలో రెండేళ్లుగా ఒక్కదాన్నే కూర్చుని కాలితో తాడు తొక్కుతున్నాను. కాలికి పనుంది గాని చేతికి లేదు. అందుకని రాస్తున్నాను.

సంచుల్లో ఉన్నది ఎర్రగా ఉండదు. చెరుకురసం రంగులో ఉంటుంది. రక్తంలోంచి ప్లేట్‌లెట్లని విడదీసి ఇక్కడికి పంపుతారు. ఒంటికి గాయమైతే ముందు పరిగెత్తుకొచ్చి చిల్లు మూసేవి ఇవే. వీటిని ఆపకుండా ఊపుతూ ఉండాలి. ఆపితే ఒకదానికొకటి అంటుకుని చచ్చిపోతాయి. చలి తగలకూడదు, తగిలితే ముడుచుకుపోతాయి. పొద్దున దీపం వెలిగి రాత్రి ఆరితే మాకు ఒక దీపం, అంటే ఒక రోజు. ఎంత బాగా చూసుకున్నా ఐదు దీపాలే వీటి బతుకు. మంచు కింద ఉన్న ఈ లంకలో కరెంటంతా దీపాలకీ, గాలికీ, తోటలకీ సరిపోతుంది. అందుకే ఊపడానికి పగలొకరిని, రాత్రికొకరిని పెట్టారు. పగటి మనిషిని నేనే, మంగతాయిని.

సంచిని దీపానికి ఎదురుగా పట్టుకుని మెల్లగా వంచితే లోపల మెరుపు తిరుగుతుంది. పలచటి పొగ వెన్నెల్లో కదిలినట్టు. వెన్నెల నేను చూడలేదు, మా అమ్మమ్మ చెప్పేది. ఆ మెరుపుంటే సంచి బతికున్నట్టు. రోజుకి నాలుగుసార్లు చూస్తాను. రెండేళ్లలో ఒక్కసారి కూడా విసుగు రాలేదు. కళ్లూ కాళ్లూ లేని నలుసులు, వాటికి ప్రాణమెక్కడ ఉంటుందో, ఆ మెరుపెక్కడి నుంచి వస్తుందో.

నా రక్తంలో ఇవి తక్కువట. మామూలు మనిషికి లక్షన్నర పైన ఉండాలి, నాకు పంతొమ్మిది వేలని లెక్క వచ్చింది. అందుకని ఏడో నెల మొదట్లోనే పాపని తీసేశారు. గాజుపెట్టెలో తొమ్మిది దీపాలు బతికింది. మళ్లీ కడుపు రాకూడదన్నారు. బరువులు వద్దన్నారు. కూర్చుని చేసే పని అని ఇక్కడ వేశారు. నా ఒంట్లో లేనివాటికి నేను ఊయల ఊపుతున్నాను.

ఇవాళ పక్కవాటా కుసుమ లెక్క వచ్చింది. తొంభై ఆరు వేలు. ఆరు నెలలు నిండాయి దానికి.

దీపం 209

సంచులు పదకొండు. వేడి ఇరవై రెండు. 

పెద్దచలి మొదలైంది. మన మంచుగోళం పెద్దగ్రహం చాటుకి పోయింది, ఇక తొంభై దీపాల దాకా ఇంతే. పైనున్న మంచు బిగుసుకుంటుంటే గోడలు మూలుగుతున్నాయి. కరెంటు మిగల్చాలని గాలిగొట్టానికి చుట్టిన వేడితీగని ఆపేశారు. ఏటా ఆపుతారు.

గాలిగొట్టం సంగతి కూడా రాస్తాను. మాది మూడో లంక. రక్తం లెక్కపెట్టే యంత్రం ఒకటో లంకలో ఉంది, మూడు లంకలకీ అదొక్కటే. మధ్యలో ఆరు కిలోమీటర్ల మంచు. ఆ మంచులోంచి వేసిన గొట్టంలో రక్తం సీసాలు పెట్టి మీట నొక్కితే, గాలి వాటిని ఊదుకుంటూ తీసుకుపోతుంది. మా పెద్దవాళ్లు చేతులతో తవ్వి వేసిన గొట్టం. అందరికీ అదంటే గర్వం.

కుసుమ అత్తగారు ఆదెమ్మ పిన్ని వచ్చింది. బీట్‌రూట్లు గంపలో వేసుకుని తోటల్లోంచి నేరుగా వచ్చింది. పెద్దచలికి ఆడదాని రక్తం పల్చబడుతుందని లంకలో అందరికీ తెలుసు. కడుపుతో ఉన్నవాళ్లకి ఈ తొంభై దీపాలూ మూడు పూటలా బీట్‌రూటే.

"ఏవమ్మా తాయీ, నా కోడలికని మంచి సంచులు దాచి పెడతన్నావా?" అంది.

"దాస్తే దాగవు పిన్నీ. ఐదు దీపాలే."

"ఏవడిగినా ఐదు దీపాలంటావు. మీ ఆయన నెలకోసారి మంచుకోత నుంచి వత్తాడు కాబట్టి సరిపోయింది. ఇంట్లోనే ఉంటే ఐదో దీపానికి వాణ్ణీ తీసి పారేద్దువు."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. గంప దింపి, దాని అంచు పట్టుకుని అలాగే నిలబడింది.

"నలభై ఒక్క వేలంట," అంది.

ఐదు దీపాల్లో సగానికి పైగా పడిపోయింది. వరసగా రెండుసార్లు ముప్పై వేలకి కిందికి పోతే బిడ్డని తీసేయాలని లంక రూలు. అది కసాయి రూలు కాదు. నొప్పులు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. ఆ వేళకి సంచులు లేకపోతే తల్లి రక్తం ఆగదు, పోతుంది. ముందే ఒక దీపం అనుకుని, సంచులు పోగుచేసుకుని, కోసి తీస్తే తల్లి దక్కుతుంది. గాజుపెట్టెలో పెట్టిన బిడ్డల్లో సగం మంది బతుకుతారు. 

నా పాప ఆ రెండో సగంలో పడింది.

దీపం 214

ఇరవై ఏడు వేలు.

డాక్టర్ సలోమి గారు కుసుమని కూర్చోబెట్టి చెప్పారట. ఐదు దీపాల తర్వాత మళ్లీ సీసా పంపుతారు. అదీ ముప్పై వేలకి కిందే వస్తే, రెండు వందల ఇరవయ్యో దీపానికి బిడ్డని తీసేస్తారు.

మధ్యాహ్నం కుసుమే ఈ గదికి వచ్చింది. పనిలేకుండా ఎవరూ రారు ఇక్కడికి. చెప్పులు బయట విడిచి, సంచుల మధ్యలోంచి పొట్ట పట్టుకుని పక్కకి తిరిగి నడుస్తూ వచ్చి నా ఎదురుగా కూలబడింది.

"ఇందులో నాకు ఎక్కించేవి ఏవక్కా?"

"నీకెక్కించేవి ఇంకా ఎవరి ఒంట్లోనో ఉన్నాయే. రెండు వందల పదహారు తర్వాత తీస్తారు."

"అత్తయ్య బీట్‌రూట్ తినమని చంపుతోంది. నా నాలుక చూడు, ముగ్గుకి రంగు కలుపుకోవచ్చు." నాలుక చాపింది. నిజంగానే ఎర్రగా ఉంది. ఒళ్లో గిన్నె పెట్టుకుని, చిన్న కత్తితో బీట్‌రూట్ చెక్కు తీస్తూ మాట్లాడింది. బిడ్డ ఎటు తంతోందో, ఏ వైపు పడుకుంటే ఊరుకుంటుందో చెప్పింది. తర్వాత మాట ఆపి, "నీ పాప ఏడ్చిందా అక్కా, తీసినప్పుడు?" అని అడిగింది.

ఆ మాట ఈ రెండేళ్లలో నన్నెవరూ అడగలేదు.

"పిల్లిపిల్ల అరిచినట్టు. ఒక్కసారి," అన్నాను.

అప్పుడు దాని కత్తి జారింది. బొటనవేలు లోతుగా తెగింది. ఇరవై ఏడు వేల మనిషి. గుడ్డ కోసం లేచాను గాని కాలు తాడు మీద నుంచి తీయలేను, తీస్తే ఉయ్యాలలు ఆగుతాయి. ఒంటికాలి మీద తొక్కుతూ చెయ్యి చాపి గూట్లో గుడ్డ వెతుకుతున్నాను. తొక్కుడు లెక్క నాకు తెలియకుండానే నోట్లో తిరుగుతూ ఉంటుంది. గుడ్డ దొరికి నేను వంగేసరికి తొంభై రెండు.

రక్తం ఆగిపోయి ఉంది.

బీట్‌రూట్ రసమేమో అని తుడిచాను. కాదు. తెగిన చోట నల్లగా సన్నటి గీత కట్టేసి ఉంది. పక్కన కూడా ఒత్తి చూశాను. ఊరలేదు.

"ఏవక్కా, అలా చూస్తావు?"

"ఏం లేదు. తిను," అన్నాను.

అది వెళ్లాక చాలాసేపు ఆ వేలు గురించే ఆలోచించాను. చిల్లు మూసినవాళ్లు ఎవరు? ఒంట్లో లేనివాళ్లు వచ్చి ఎలా మూస్తారు? నన్ను కోసిన దీపం గుర్తొచ్చింది. అప్పుడు వేరే డాక్టరుగారు, పెద్దాయన, ఇప్పుడు లేరు. ఆరు సంచులు సిద్ధం చేసి పెట్టుకున్నారట. ఒక్కటీ ఎక్కించక ముందే నా రక్తం ఆగిపోయిందట. మొండిఘటం అన్నారు. ఆ మాట విని అప్పుడు మా ఆయన కూడా నవ్వాడు.

అది కూడా పెద్దచలే.

దీపం 217

సంచులు తొమ్మిది. వేడి ఇరవై రెండు.

రాత్రి మనిషి వచ్చాక డాక్టర్ సలోమి గారి గదికి వెళ్లాను. ఆవిడ చిన్నావిడ, ముప్పై దాటి ఉండవు. ఓపికగా మాట్లాడతారు. వేలి సంగతి చెప్పాను. 

"ఒక్కోసారి చిన్న గాయాలు ఆగుతాయి మంగతాయి గారూ. కాన్పు వేరు. లోపల పెద్ద పుండు," అన్నారు.

"గాలిగొట్టంలో వెళ్లేటప్పుడు సీసాకి చలి తగలదాండీ?"

"తగుల్తుంది. అయితే?"

"సంచికి చలి తగలకూడదని మీరే కదండీ నాకు మొదటి దీపం నేర్పింది. గది ఒక్క గీత తగ్గితే పరిగెత్తుకొచ్చి అరుస్తారు. సంచిలో ఉన్నవీ సీసాలో ఉన్నవీ ఒకటే కదా."

"సంచిలోవి మనిషికి ఎక్కించేవమ్మా, బతికుండాలి. సీసాలోవి లెక్కపెట్టి పారేసేవి. చచ్చినా లెక్కకి వస్తాయి. అందరి సీసాలూ అదే గొట్టంలో వెళ్తున్నాయి. అందరికీ తక్కువ రావట్లేదుగా."

లేచి తలుపు దాకా వచ్చాను. అక్కడ గోడకి ఆనుకుని చలిచొక్కాలు వేలాడుతున్నాయి, వాటి చేతితొడుగులు చూసి అన్నాను.

"మంచుకోతకి అందరూ వెళ్తారు డాక్టరుగారూ. వేళ్లు కొంకర్లు పోయేది కొందరికే. మా ఆయనకి పోతాయి. పక్కవాడికి పోవు. ఎందుకో ఎవరికీ తెలియదు."

ఆవిడ కలం కింద పెట్టారు. 

"చలికి లెక్క తప్పుతుందని పుస్తకంలో లేదు," అన్నారు, నాతో కాదన్నట్టు.

"ఆ పుస్తకం ఎక్కడ రాశారండీ?"

"భూమ్మీద."

"అక్కడ గాలిగొట్టం మంచులోంచి వెళ్తుందా?"

ఆవిడ ఎల్లుండి కుసుమ చేతి నుంచి రెండు సీసాలు తీస్తానన్నారు. ఒకటి ఎప్పట్లాగే గొట్టంలో వెళ్తుంది. రెండోది ఒంటి వేడి తగ్గకుండా వెళ్లాలి. కాని పెద్దచలిలో గొట్టం పక్కనున్న సొరంగంలో ఎవరూ నడవరు, పంపడానికి మనిషి లేడు.

"నేను నడుస్తాను. నా చేతివి కూడా రెండు తియ్యండి," అన్నాను.

దీపం 219

ఇది తిరిగొచ్చాక రాస్తున్నాను. ఉయ్యాలలు ఆదెమ్మ పిన్ని ఊపింది. తొక్కుడు రాక ముందు తిట్టుకుంది, తర్వాత పాట పాడిందట సంచులకి.

రెండు సీసాలు, నాదొకటి, కుసుమదొకటి. మెత్తటి గుడ్డలో చుట్టి రవిక లోపల గుండెల మధ్య పెట్టుకున్నాను. పైన చలిచొక్కా. సొరంగంలోకి అడుగుపెట్టగానే చలి దవడలు పట్టేసింది. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి ఒక్కో అడుగూ పెద్ద గెంతు. గెంతితే సీసాలు కదులుతాయేమోనని భయం. అందుకని ముసలమ్మలా పాదాలు ఈడ్చుకుంటూ నడిచాను. దారి పొడుగునా గాలిగొట్టం నా పక్కనే ఉంది. మధ్యలో ఒకసారి అందులోంచి ఏదో సర్రున పోయింది. మిగతా రెండు సీసాలే అవి. నా రక్తం నన్ను దాటి ముందు వెళ్లిపోయింది.

రెండేళ్ల తర్వాత నా గుండెల మీద ఏదో వెచ్చగా ఉంది. అదీ రాయాలి, దాచకూడదు.

ఒకటో లంక లెక్కగదిలో వీర్రాజు గారుంటారు. ఫోనులో గొంతు వినడమే గాని చూడలేదు. పెద్ద పొట్ట, మెళ్లో మఫ్లరు.

"గొట్టం ఉండగా కాళ్లీడ్చుకుంటా వచ్చిన మనిషిని ఇన్నాళ్లకి చూశానండి," అన్నాడు. "ఏదీ, ఆ మహా రక్తం ఇలా ఇవ్వండి."

అటు తిరిగి తీసి ఇచ్చాను. సీసాలు పట్టుకుని, "ఆయ్, అప్పుడే దింపిన ఇడ్లీల్లా ఉన్నాయండి," అన్నాడు.

గొట్టంలో వచ్చిన కుసుమ సీసా ముందు పెట్టాడు. ఇరవై నాలుగు వేలు. రూలు ప్రకారం రేపు బిడ్డని తీసేయాలి. తర్వాత నేను తెచ్చింది పెట్టాడు. యంత్రం గిర్రున తిరిగింది. వీర్రాజు గారు అంకె చూసి, యంత్రం నెత్తి మీద అరచేత్తో ఒకటి కొట్టి, మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే.

లక్షా పద్దెనిమిది వేలు.

"ఏం కలిపారండి ఇందులో?" అన్నాడు.

"నా ఒంటి వేడి," అన్నాను.

ఆయన మూల ఉన్న బల్ల దగ్గరికి వెళ్లి, గుడ్డ కప్పిన పాత భూతద్దం యంత్రాన్ని బయటికి తీశాడు. లెక్క యంత్రం వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదట. గాజుపలక మీద చల్ల సీసాలోంచి ఒక చుక్క పామి, రంగు వేసి, చాలాసేపు కన్ను పెట్టి చూశాడు. పరాచికాలు ఆగిపోయాయి.

"ఇలా రండి అప్పా," అన్నాడు. అంతదాకా అండి అన్న మనిషి, ఇప్పుడు అక్కని పిలిచినట్టు అప్పా అన్నాడు.

మొదట నా రెప్పవెంట్రుకలే కనబడ్డాయి. తర్వాత గుండ్రటి వెలుగు. దాని నిండా లేత ఎరుపు బిళ్లలు, ఎండబెట్టిన వడియాల్లా. వాటి మధ్య ఊదారంగు గుత్తులు. ద్రాక్షగుత్తుల్లా ఒకదాన్నొకటి వాటేసుకుని ఉన్నాయి.

"అయ్యే ప్లేట్‌లెట్లు. సీసా అడుగున రక్తం గడ్డకట్టకుండా తెల్లపొడి ఏత్తారు చూడండి, కొందరి రక్తంలో ఆ పొడీ చలీ కలిత్తే ఇలా అతుక్కుపోతాయి లాగుంది. యంత్రం సన్నటి బొక్కలోంచి ఒక్కోదాన్నీ పంపి లెక్కెడతాది. గుంపుగా వత్తే అసలు ప్లేట్‌లెట్టనే అనుకోదు. వదిలేత్తాది."

పలక మార్చాడు. ఇది నేను మోసుకొచ్చిన చుక్క.

విడివిడిగా ఉన్నాయి. ఎటు చూసినా ఉన్నాయి. ఎర్రబిళ్లల సందుల్లో, అంచుల్లో, నడుమ, ఊదారంగు నలుసులు, ఒక్కోదాని లోపల ఇంకా చిన్న చుక్కలు. పలక కొంచెం జరిపితే ఇంకా వచ్చాయి. మళ్లీ జరిపితే ఇంకా. ఆడపిల్ల ఒంట్లో ఎక్కడా చెప్పుకోకుండా, ఎక్కడ చిల్లు పడుతుందా అని కాచుకుని ఇంతమంది తిరుగుతున్నారు. రెండేళ్లు ఊపాను వీటిని. మొహం చూడటం ఇదే. నాకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను. వీర్రాజు గారు చూడనట్టు ఊరుకున్నాడు.

తర్వాత ఆయనే నేను తెచ్చిన సీసాని తీసుకెళ్లి గాలిగొట్టం మూతి దగ్గర, మంచు పట్టిన ఇనుము మీద ఆనించి పెట్టాడు. అరగంట ఆగి మళ్లీ లెక్కపెట్టాడు. ముప్పై ఒక్క వేలు. ఇప్పుడు అనుమానం లేదన్నాడు.

"మీవి కూడా పెట్టమంటారా?" అని మెల్లగా అడిగాడు. 

పెట్టమన్నాను.

చల్లది పదహారు వేలు. వెచ్చనిది రెండు లక్షల ముప్పై ఒక్క వేలు.

వీర్రాజు గారు నాకు కుర్చీ వేశాడు. టీ తెచ్చి పక్కన పెట్టాడు. ఆయన మంచివాడు.

దీపం 221

సంచులు పన్నెండు.

నిన్న రాయలేదు. కాలు తాడు తొక్కింది, అంతే.

నాకు జబ్బు లేదు. ఎప్పుడూ లేదు. ఇంకో మూడు నెలలు కడుపులో ఉండాల్సిన పిల్లని, ఏ లోటూ లేని తల్లి కడుపులోంచి తీసేశారు. ఎవరూ చెడ్డగా చేయలేదు. పెద్దడాక్టరుగారు నన్ను బతికించాలనే చేశారు. వీర్రాజు గారి యంత్రం ఉన్నదే చెప్పింది. తిట్టుకుందామంటే ఎవరూ దొరకడం లేదు. గొట్టం తవ్విన మా తాతని తిట్టుకోనా?

నా రక్తం నన్ను విడిచిపెట్టలేదు. ఆ చలిలో, ఆ చీకటి గొట్టంలో, అవి భయపడి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇవాళ్టికి ఇలా అనుకోగలుగుతున్నాను. రేపు ఇంకోలా అనుకుంటానేమో.

వెచ్చని లెక్క విని నిన్నటి కోతని డాక్టరుగారు ఆపి ఉంచారు. సాయంత్రం ఆవిడ గదిలో కుసుమ, ఆదెమ్మ పిన్ని, నేను. డాక్టరుగారు ఉన్నదున్నట్టు చెప్పారు.

"వెచ్చని లెక్కే నిజమని నా నమ్మకం. కడుపుతో ఉన్నప్పుడు లక్షా పద్దెనిమిది భయపడే తగ్గుదల కాదు, చాలామందికి ఆ మాత్రం తగ్గుతుంది. కాని ఇంతకుముందు ఇక్కడ ఎవరూ రూలు దాటి బిడ్డని తీయకుండా ఆగలేదు. నేను పొరబడితే కాన్పులో కుసుమ రక్తం ఆగదు."

ఆదెమ్మ పిన్ని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పింది తప్పైతే నా కోడలు పోద్ది తాయీ."

"తప్పైతే పోద్ది పిన్నీ," అన్నాను.

"నీకు బిడ్డ మీద బెంగ. ఆ బెంగతో చూశావేమో."

"బెంగతోనే చూశాను. కాని కన్ను పెట్టి చూశాను."

కుసుమ ఇద్దర్నీ ఆపింది. "అత్తయ్యా, మీరూ అక్కా తర్వాత కొట్టుకోండి. తెగింది నా వేలు. ఆగింది నా రక్తం. నేను మోస్తాను," అంది. లేస్తూ, "బీట్‌రూట్ మాత్రం ఇంక తినను," అంది.

ఆదెమ్మ పిన్ని ఏడుస్తూనే నవ్వింది.

దీపం 250

సంచులు పది. ఐదు దీపాలకోసారి సీసా గుండెల్లో పెట్టుకుని నడుస్తున్నాను. లక్షా పది. లక్షా ఆరు. లక్షా పన్నెండు. కాలిమడమలు పగిలాయి. వీర్రాజు గారు నా కోసం మఫ్లరు అల్లించి పెట్టాడు, వాళ్లావిడ చేత. ఆవిడ మీద ఒట్టేసి చెప్పాడు, ఇది అరువిచ్చింది కాదు, నాకేనని.

కుసుమ పొట్ట తలుపులో పట్టడం లేదు.

దీపం 285

నొప్పులు పొద్దున దీపం వెలిగిన వెంటనే మొదలయ్యాయి. ఆరు సంచులు గదిలో మంచం పక్కనే తాళ్లతో వేలాడదీశారు. వాటిని ఊపుతూ నేను అక్కడే ఉన్నాను. లంక పుట్టాక ఒక ఉయ్యాల మనిషి కాన్పు గదిలోకి రావడం ఇదే మొదలట.

బిడ్డ మధ్యాహ్నానికి వచ్చాడు. మగపిల్లాడు. ఏడుపు పిల్లి అరుపులా లేదు. గది గోడలు అదిరాయి. అది విని నా కాలు ఒక్క తొక్కుడు తప్పింది.

తర్వాత రక్తం వచ్చింది. నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. గుడ్డలు తడిశాయి. ఆదెమ్మ పిన్ని గోడకి ఆనుకుని నా మొహం వైపే చూస్తోంది. కుసుమ వైపు కాదు, నా వైపు. డాక్టరుగారు పొట్ట మీద గట్టిగా మర్దన చేస్తున్నారు. ఒక చెయ్యి మొదటి సంచి తాడు మీదికి వచ్చి ఆగింది.

"ఒక్క నిమిషం," అన్నారు.

నేను తొక్కుడు లెక్కపెట్టాను. యాభై. నూట ఇరవై. రెండు వందలు. గుడ్డ మార్చారు. ఇది ముందుదంత తడవలేదు. ఇంకోటి మార్చారు. అది అంచు దాకా కూడా తడవలేదు.

ఆగింది.

దానంతట అదే ఆగింది. భూతద్దంలో నేను చూసినవాళ్లు అందరూ లోపల పరిగెత్తారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ దారి చూపలేదు. అంత పెద్ద తలుపుని అంత చిన్నవాళ్లు భుజాలు ఆనించి మూశారు. నేను సంచి మెరుపు చూసి ఇన్నాళ్లూ ఆశ్చర్యపోయాను. అది నిద్రపోతున్నప్పటి మొహమే. మెలకువలో వాటి పని ఇది.

డాక్టరుగారు సంచి తాడు వదిలేసి, నేల మీద కూర్చుండిపోయారు. కుసుమ, "అందరూ ఎందుకలా ఉన్నారు, నాకు ఆకలేస్తోంది," అంది.

దీపం 291

సంచులు పదమూడు. వేడితీగ ఆపకూడదని రూలు రాశారు. సీసాలు మోయడానికి నాతో పాటు ఇద్దరిని వేశారు.

డాక్టరుగారు పాత పుస్తకాలు తిరగేశారు. ముప్పై ఏళ్లలో పెద్దచలిలో లెక్క పడిపోయి, బిడ్డని ముందే తీసిన ఆడవాళ్లు పద్నాలుగు మంది. ఏడుగురు బిడ్డలు పోయారు. అందరివీ మళ్లీ వెచ్చగా లెక్కపెట్టాలి. కొందరికి తక్కువ నిజమే కావచ్చు. కాని ముందు వాళ్లకి చెప్పాలి. ఎవరు చెప్తారని ఆవిడ అందర్నీ చూశారు. నేను వెళ్తానన్నాను.

మొదటి ఇల్లు నూకరత్నం గారిది. మిరపతోటల వెనక. యాభై ఏళ్లుంటాయి. ఇరవై నాలుగేళ్ల కిందట కొడుకుని తీశారు. ఐదు దీపాలు. మళ్లీ పిల్లలు లేరు. తొడిమలు తీస్తూ కూర్చుని ఉంది. నన్ను చూసి పీట జరిపింది.

చెప్పాను. గొట్టం, చలి, గుత్తులు, నా లెక్క, అన్నీ. మీది కూడా అలాంటిదే కావచ్చని, కాకపోవచ్చని చెప్పాను. ఆవిడ తొడిమలు తీయడం ఆపలేదు. గిన్నె నిండాక ఆపింది.

"నా రక్తమే వాణ్ణి చంపిందని మా అత్త పోయేదాకా అంది," అంది. "నేనూ అనుకున్నాను. ఆవిడ అన్నదని కాదు, నిజంగానే అనుకున్నాను."

"నేను కూడా అండి."

"వాడి పేరు సింహాద్రి."

ఇరవై ఒకటో దీపం దాటని బిడ్డకి లంకలో పేరు ఉండదు. పెట్టినా పైకి అనకూడదు. ఇరవై నాలుగేళ్లు ఆ పేరుని ఆవిడ నోట్లోనే పెట్టుకుంది. అనేశాక, తప్పు చేసినట్టు తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. మళ్లీ అంది, ఈసారి గట్టిగా. "సింహాద్రి."

తర్వాత మిరపకాయల చేతులు చీర చెంగుకి తుడుచుకుని నా మోకాలి మీద వేసింది.

"నీ పిల్లది ఏంటమ్మా?"

గాజుపెట్టె పక్కన కూర్చుని తొమ్మిది దీపాలు లోలోపల పిలిచాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. జానెడు పిల్ల అది. మేమెవరమూ చూడని, మా పెద్దవాళ్లు వదిలేసి వచ్చిన ఆ నది పేరు పెట్టుకున్నాను.

"గోదావరి," అన్నాను.